అందరి టాబ్లెట్‌కు ఎవరి పాస్‌వర్డ్?

ఒక ఆఫీసులో నలుగురికీ కలిపి ఒకే టాబ్లెట్ ఉందనుకుందాం. అక్కడి వైఫైలో చేరాలంటే ఎవరి పేరూ పాస్‌వర్డూ వారు ఇవ్వాలి. మొదటిరోజు గుమాస్తాగారు తనవి ఇచ్చారు. టాబ్లెట్ వాటిని గుర్తుంచుకుంది. నెలరోజులు పని సాఫీగా జరిగింది. ఒక ఉదయం సిగ్నల్ నిండుగా ఉన్నా వైఫై మాత్రం అందలేదు! కారణమేమిటి? గుమాస్తాగారు ముందురోజు పాస్‌వర్డ్ మార్చుకుని, సెలవు మీద ఊరెళ్ళారు.

"కొత్త పాస్‌వర్డ్ అందరికీ చెబితే సరి" అంటారా? అప్పుడు ఎవరు ఏ పొరపాటు చేసినా ఆయన పేరు మీదే నమోదవుతుంది. ఆ పాస్‌వర్డే ఆయన ఈమెయిల్‌కూ ఉంటే, ఆయన ఉత్తరాలన్నీ నలుగురి చేతిలో పడతాయి.

బస్సును చూడండి. డ్రైవర్లు మారుతుంటారు. లైసెన్సు డ్రైవరుకు; పర్మిట్ బస్సుకు. డ్రైవరు మారితే పర్మిట్ మార్చనక్కరలేదు గదా! అలాగే వైఫైలో చేరే అనుమతి మనిషికి కాక టాబ్లెట్‌కే ఇవ్వవచ్చు. ఆ అనుమతి పత్రమే 'డిజిటల్ సర్టిఫికెట్'.

ఇది పనిచేసే తీరు వింతగా ఉంటుంది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ కనిపెట్టిన పద్ధతిని చిన్న అంకెలతో చూద్దాం. టాబ్లెట్‌లో దాచిన రహస్య సంఖ్య 7. సర్టిఫికెట్‌పై అందరికీ కనిపించే సంఖ్యలు 3, 33. సర్వర్ "4" అని పంపిందనుకోండి. 4ను 7వ ఘాతానికి హెచ్చిస్తే 16384. దాన్ని 33తో భాగిస్తే శేషం 16. టాబ్లెట్ ఆ 16ను పంపుతుంది. సర్వర్ 16ను 3వ ఘాతానికి హెచ్చిస్తుంది: 4096. 33తో భాగిస్తే శేషం 4! తాను పంపినదే తిరిగి వచ్చింది. 7 మాత్రం గడప దాటలేదు.

33ను 3×11గా విడదీస్తే 7 ఎంతో తెలిసిపోతుంది. కాని నిజంగా వాడే సంఖ్యలో 600కు పైగా అంకెలుంటాయి. దాన్ని విడదీయడం నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు.

ఇలా చేస్తే ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా టాబ్లెట్ వైఫైలోనే ఉంటుంది. అది పోతే దాని సర్టిఫికెట్ ఒక్కటి రద్దు చేస్తే చాలు. అయితే సర్టిఫికెట్‌కు గడువుంటుంది. ముగిసేలోగా కొత్తది వేయాలి. ఎవరి లెక్కలు వారు తమ పాస్‌వర్డ్‌తోనే తెరవాలి. బస్సుకు పర్మిట్ ఉన్నంతమాత్రాన డ్రైవరుకు లైసెన్సు అక్కరలేదా మరి?

మీరూ 4కు బదులు 5తో లెక్క చేసి చూడండి. చివరికి 5 వస్తే మీ టాబ్లెట్‌కు తలుపు తెరుచుకున్నట్లే!