తలకోనలో తొందర లేని రోజు

షువైఖ్ (కువైట్): ఇక్కడి పారిశ్రామిక వాడలో మా గ్యారేజీ రేకుల కింద మధ్యాహ్నం పూట స్పానర్ పట్టుకోవాలంటే గుడ్డ చుట్టుకోవాల్సిందే. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని కువైట్‌లో నిబంధన. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం మరి. వేసవిలో మాకు నడక అంటే శుక్రవారం తెల్లవారకముందే సముద్రం ఒడ్డుకు వెళ్లి, ఎండ ఎక్కేలోపు గదికి చేరడమే.

రెండేళ్ల తర్వాత మొన్న మే నెలలో రాయచోటికి సెలవుపై వెళ్లాను. నెల రోజుల్లో సగం బ్యాంకుకు, పొలం కాగితాలకు, పెళ్లిళ్లకే సరిపోయాయి. తొమ్మిదేళ్ల మా అబ్బాయి ఫోన్‌లో బాగానే మాట్లాడేవాడు. ఎదురుగా ఉంటే మాత్రం తాత వెనక్కి వెళ్లేవాడు. అది చూసే కాబోలు, నాయన ఒకరోజు ‘తలకోనకు పోదాం పా, ముగ్గురమే’ అన్నాడు.

పీలేరు, భాకరాపేట మీదుగా నెరబైలు దాటి, అడవి గేటుకు ఇవతలే బండి దిగాం. అక్కడ అంతా కంపచెట్లు, బోడి గుట్టలు, ఎండిన బోద. నాయనకు మోకాళ్ల నొప్పి. పది అడుగులకోసారి ఆగి, ఏదో ఒక చెట్టు చూపించేవాడు. నాకేమో గంట చూసుకునే అలవాటు. ‘యాడికి పోతాండావురా అంత బిరీన? నీళ్లు యాడికీ పోవులే’ అన్నాడు. ఆ తర్వాత వాచీ తీసి జేబులో వేసుకున్నాను.

సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక లోయ ఇరుకై చెట్లు కమ్ముకున్నాయి. ఒక్కసారిగా చల్లదనం. మద్ది మాన్లు, ఎర్రచందనం, వాటి మీద మనిషి నడుమంత లావున పాకిన గిల్లతీగ. ఈ అడవి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 270 అడుగుల జలపాతం మేలో సన్నని ధారే. వానలు పడ్డాక వెళ్లేవాళ్లు జాగ్రత్త, నాచు పట్టిన బండలు ఎండాకాలంలోనే జారుతున్నాయి.

ఆ బండల దగ్గరే మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. దాటాక కూడా వదల్లేదు. నేనూ ఆ సంగతి ఎత్తలేదు.

నీళ్ల పక్కన కూర్చుని అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం తిన్నాం. (మా గదిలోని గోదావరి మిత్రులు దాన్ని పులిహోర అనే అంటారు. ఈ వాదన ఐదేళ్లుగా తెగలేదు.) నాయన బండకు ఆనుకుని కునుకు తీశాడు. మావాడికి అరచేతిలో పట్టేంత గిల్ల గింజ ఒకటి దొరికింది. ఇంటికి తెస్తానని పేచీ. ‘అడవిది అడవిలోనే ఉండాల’ అని తాత దాన్ని తీగ మొదట్లో పెట్టించాడు. తిరిగి బండి ఎక్కేసరికి పొద్దు వాలింది.

ఇప్పుడు మళ్లీ షువైఖ్. మా వీధి చివర ఒక సిద్ర్ చెట్టు ఉంది, మన రేగు జాతిదే. పోయిన శుక్రవారం దాని నీడలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. మావాడే తీశాడు.

‘నాన్నా, ఆ గింజ మొలిచుంటుందా?’

‘వాన పడాల కదరా’ అన్నాను.

‘అయితే వాన పడినాక తాతను అడిగి చెప్తా’ అన్నాడు.