బొమ్మా, దుమ్మూ

టోక్యో పక్కనున్న చిబాలో మకుహరి మెస్సే అనే భారీ ప్రదర్శనశాల ఉంది. అక్కడ ఏడాదికి రెండుసార్లు ‘వండర్ ఫెస్టివల్’ జరుగుతుంది. ఇంట్లో కూర్చుని బొమ్మ మలిచి, దానికి సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, అందులో రెజిన్ పోసి తీసిన ముక్కలను ఔత్సాహికులు తెచ్చి అమ్ముతారు. కార్టూన్ పాత్ర బొమ్మ అమ్మాలంటే హక్కుదారు అనుమతి కావాలి కదా! ఆ ఒక్క రోజుకే చెల్లే అనుమతి ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉంది. మర్నాడు అదే కిట్ అమ్మితే నేరం. అభిమానులు పొద్దున్నే బారులు తీరడానికి అదో కారణం.

వీటిని ‘గరాజ్ కిట్లు’ అంటారు. పెద్ద కర్మాగారం అక్కర్లేకుండా ఇంటి మూల గదిలో పుట్టే సరుకు కాబట్టి ఆ పేరు. 1964లో ఒసాకా ప్రాంతంలో చిన్న మోడల్ దుకాణంగా మొదలైన కైయోడో ఈ రంగంలో పెద్ద పేరు సంపాదించి, 1992 నుంచి పండుగ నిర్వహణనూ భుజాన వేసుకుంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా బొమ్మ సైనికుల ఆటలు తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్‌కు ఫోర్జ్ వరల్డ్ పేరుతో ప్రత్యేకంగా రెజిన్ బొమ్మల విభాగమే ఏర్పడింది. 2011లో ఆ సంస్థ తన లోహపు సైనికుల్లో చాలామందిని రెజిన్‌లోకి మార్చేసింది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు చవకయ్యాక మన నగరాల్లోనూ అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో రెజిన్ వాసన మొదలైంది.

కిట్ కొన్నవారి ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ఒకటే: ఇది విషమా?

సమాధానం ఆ రెజిన్ ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. గరాజ్ కిట్లకు ఎక్కువగా వాడేది పాలియురేథేన్. రెండు ద్రవాలను కలిపితే నిమిషాల్లో వేడెక్కి గట్టిపడుతుంది. ఆ రెండింటిలో ఒకటి ఐసోసైనేట్. ఆ మాట వినగానే 1984 డిసెంబరు నాటి భోపాల్ గుర్తుకొస్తే తప్పులేదు. అయితే అక్కడ లీకైన మిథైల్ ఐసోసైనేట్ 39 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం. పోత రెజిన్‌లో సాధారణంగా ఉండే ఎండీఐ ఆ కుటుంబంలోదే అయినా గది వేడికి చాలా తక్కువగా ఆవిరవుతుంది. అంతమాత్రాన దాన్ని నమ్మి ముఖం దగ్గర పెట్టుకుని కలపకూడదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత రవ్వంత తగిలినా ఉబ్బసం తెప్పించగలదు. ఐరోపా సమాఖ్యలో 2023 ఆగస్టు 24 నుంచి, ఎండీఐ లాంటి డైఐసోసైనేట్లు 0.1 శాతానికి మించి ఉన్న సరుకును వృత్తిగా వాడేవారు శిక్షణ పొంది తీరాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది ఇందుకే.

కిట్ కొనేవారికి ఈ బాధ దాదాపు ఉండదు. రసాయన చర్య ముగిసి, గట్టిపడిన ముక్కలే డబ్బాలో వస్తాయి. వాటిని చేత్తో పట్టుకోవచ్చు, బల్ల మీద పెట్టుకోవచ్చు, అద్దాల బీరువాలో ఏళ్లతరబడి ఉంచుకోవచ్చు. పేచీ అంతా ఆ ముక్కను గీకడం మొదలుపెట్టినప్పుడే.

గీకకుండా పని జరగదు. పోత పోసిన చోట తోకలు మిగులుతాయి, అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నని గీత తేలుతుంది. ఆకురాయితో, ఎమ్రీ పేపర్‌తో వాటిని తీసేయాలి. అప్పుడు రాలే తెల్లటి పొడికి వాసన ఉండదు, గొంతు మండదు. అదే దాని మాయ. రంగు డబ్బా వాసనకు కిటికీలన్నీ తెరిచే మనిషి, రెజిన్ పొడిని నోటితో ఉఫ్‌మని ఊది బల్ల శుభ్రమైందనుకుంటాడు. పది మైక్రాన్లకన్నా చిన్న రేణువులు ముక్కును దాటి లోపలికి పోగలవు, ఇంకా సన్ననివి ఊపిరితిత్తుల అడుగు దాకా చేరతాయి. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు కాబట్టి, వీటిలో కీడుచేసేవి కంటికి కనిపించవు. కనిపించే పొడి కన్నా కనిపించనిదాంతోనే జాగ్రత్త.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. నీళ్లే! కార్ల షెడ్లలో వాడే వాటర్ పేపర్ తెచ్చి, ముక్కనూ కాగితాన్నీ తడిపి రుద్దితే పొడి గాల్లోకి లేవకుండా బురదై గిన్నెలో దిగుతుంది. దాన్ని తడిగుడ్డతో ఎత్తి చెత్తలో వేయాలి. సింకులో పోస్తే గొట్టంలో పేరుకుంటుంది. పొడిగా రుద్దక తప్పని చోట ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి. 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపితేనే దానికి ఆ పేరు. గుడ్డ మాస్కు ఈ పనికి రాదు, గడ్డం ఉంటే ఎన్-95 కూడా ముఖానికి సరిగ్గా అతకదు. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది: సీలింగ్ ఫ్యాన్. పని జరిగినంతసేపూ దాన్ని ఆపేయడం కష్టమే, మే నెలలో మరీ కష్టం. కానీ తిరిగే ఫ్యాన్ కింద ఎమ్రీ పేపర్ పట్టుకుంటే ఆ పొడి రాత్రికి పడకల మీదే ఉంటుంది. చీపురూ అంతే, ఉన్నదాన్ని లేపుతుంది.

కరెంటు రోటరీ పరికరంతో గీకితే పొడితోపాటు వేడీ పుడుతుంది. పాలియురేథేన్ మాడితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ ఉంటాయి. కాబట్టి వేగం తగ్గించాలి, మిగిలిన తుక్కును చలిమంటలో వేయకూడదు. వంకర తిరిగిన కత్తినో కాలినో సరిచేయడానికి వేడినీళ్లు చాలు. కాసేపు ముంచితే మెత్తబడుతుంది, వంచి చన్నీళ్లలో పెడితే అలాగే నిలుస్తుంది.

నిజానికి ఈ అభిరుచిలో తరచూ తగిలే దెబ్బ రసాయనాలది కాదు, బ్లేడుది. మొండి బ్లేడు మరీ చెడ్డది: ఎక్కువ బలం పెట్టిస్తుంది, జారితే ఆ బలమంతా వేలి మీదే పడుతుంది. బల్ల మీంచి దొర్లిపోయే గుండ్రటి పిడి కత్తిని పట్టుకోబోయి తొడ కోసుకున్నవాళ్లూ ఉంటారు. పడితే పడనివ్వాలి. కట్టర్‌తో తోక తెంపినప్పుడు ముక్క ఎగురుతుంది, అందుకే కళ్లజోడు.

ప్లాస్టిక్ కిట్లకు వాడే జిగురు రెజిన్‌కు పట్టదు. అది పాలీస్టైరీన్‌ను కరిగించి అతికిస్తుంది, పాలియురేథేన్ దానికి కరగదు. ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ గానీ, బరువైన భాగాలకు అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ గానీ కావాలి. సయనోఅక్రిలేట్ గురించి చాలామందికి తెలియని సంగతి: నూలు గుడ్డ మీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది, పొగ కూడా రావచ్చు. లుంగీ మీద, నైటీ మీద చుక్క పడితే వెంటనే గుడ్డను ఒంటి నుంచి దూరంగా లాగాలి. వేళ్లు అంటుకుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెడితే నిదానంగా వదులుతాయి.

రంగులేసే ముందు ముక్కలను సబ్బునీళ్లతో కడగాలి, లేకుంటే అచ్చుకు పూసిన జారుడు మందు మీద రంగు నిలవదు. రంగు స్ప్రే చేసేటప్పుడు ఎన్-95 సగమే పనిచేస్తుంది. రంగు తుంపరను ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు కాట్రిడ్జ్ ఉన్న మాస్కు వేరే ఉంటుంది.

త్రీడీ ప్రింటర్ తెచ్చుకున్నవారి కథ మరోలా నడుస్తుంది. చక్ హల్ 1986లో పేటెంటు పొందిన పద్ధతికి ఇంటి రూపమే ఇది: ద్రవ రెజిన్ మీద 405 నానోమీటర్ల కాంతి పడితే పొర పొరగా గట్టిపడుతుంది. ఈ ద్రవంలో ఉండే అక్రిలేట్లు చర్మానికి శత్రువులు. పదేపదే తగిలితే దద్దుర్లు, దురద మొదలవుతాయి. ఒకసారి అలర్జీ వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి, వాటినీ తరచూ మార్చాలి. అవే గ్లోవ్స్‌తో ఫోను ఎత్తితే ఉపయోగం సున్నా. చర్మం మీద పడిన రెజిన్‌ను ఆల్కహాల్‌తో తుడవడం మరో పొరపాటు. అది చర్మంలోని నూనెను తీసేసి రెజిన్‌కు దారి ఇస్తుంది. సబ్బు, నీళ్లు చాలు.

బొమ్మను కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి సుమారు 12 డిగ్రీల వేడికే అంటుకోగలదు. తెలుగు నేల మీద అంతకన్నా చల్లగా ఉండే రోజులు ఎన్నని? అంటే గ్యాస్ స్టవ్, అగరొత్తి, సిగరెట్ దరిదాపుల్లో దాన్ని ఏ కాలంలోనూ తెరవకూడదు. వాడేసినదాన్ని కాలువలో పోస్తే అందులోని రెజిన్ చేపలకు, నీటి జీవులకు హాని చేస్తుంది. పారదర్శక సీసాలో పోసి, మూత బిగించి, లేత ఎండలో కాసేపు ఉంచితే కరిగిన రెజిన్ గట్టిపడి అడుగుకు దిగుతుంది. పైనున్నది వడకట్టి మళ్లీ కడగడానికి వాడుకోవచ్చు. పాడైన ప్రింట్లు, రెజిన్ తుడిచిన టిష్యూలు, గ్లోవ్స్ కూడా ఎండలో పరిచి, జిగట పూర్తిగా పోయాకే చెత్త సంచిలో వేయాలి. లేకపోతే ఆ పచ్చి రెజిన్ మర్నాడు పారిశుద్ధ్య కార్మికుల చేతికి అంటుతుంది.