గోడ సందులో మందు ఉందా? కుట్టని తేనెటీగల జిగురు కథ

మా తిరుమలగిరి దిక్కు తేనెటీగ అనంగనే ఉరుకుతరు, కుడుతదని. కానీ కుట్టని రకం కూడా ఉంది. ఇంట్ల ఈగ కన్నా చిన్నది, నల్లగ ఉంటది. పాత గోడ సందులల్ల, చెట్టు తొర్రలల్ల గూడు పెట్టి, ముందట చిన్న గొట్టం లెక్క వాకిలి కడతది. సైన్స్‌లో దాని పేరు టెట్రగోనులా ఇరిడిపెన్నిస్.

మరి కుట్టరాని ఈగ గూడును ఎట్ల కాపాడుకుంటది? బంకతోని. చెట్టుకు దెబ్బ తగిలితే కారే రెజిన్‌ను వెనక కాళ్లకు అంటించుకొని తెచ్చి, మైనంతో కలుపుతది. అదే ప్రొపోలిస్. మనం అన్నిటినీ బంకే అంటం గానీ తుమ్మబంక నీళ్లల్ల కరుగుతది, రెజిన్ కరగదు, దానికి ఆల్కహాల్ కావాలె. గూటిలోకి వచ్చే చీమలు ఈ జిగురుకే అంటుకపోతయి.

అసలు విషయం ఇక్కడుంది. బ్యాక్టీరియాను చంపే పదార్థాలు చాలావరకు ఈగ తయారు చేసినవి కావు, చెట్టువి. థాయిలాండ్ గూళ్లల్ల మాంగోస్టీన్ చెట్టు నుంచి వచ్చే ఆల్ఫా మాంగోస్టిన్ దొరికింది. ఆస్ట్రేలియాలో కోరింబియా టొరెల్లియానా అనే చెట్టు కాయల రెజిన్ తెస్తయి, అందులో ఫ్లేవనోన్లు ఉంటయి. ఇండోనేషియా, వియత్నాంలో అయితే మన మామిడే! అంటే చెట్టు మారితే మందు మారుతది.

ఆల్ఫా మాంగోస్టిన్ సంగతి చూడండి. చీము గడ్డలకు కారణమయ్యే స్టాఫిలోకోకస్ ఆరియస్ పొరను అది దెబ్బతీస్తది, లోపలి సరుకు బయటికి కారిపోతది. ఈ కోలై లాంటి వాటికి బయట ఇంకో పొర అడ్డం ఉంటది, అందుకే వాటి మీద ఇలాంటి పదార్థాలు అంతగా పనిచేయవు.

మన పక్క రాష్ట్రంలో, పశ్చిమ మహారాష్ట్ర నాటువైద్యంలో వాడే ఈ జిగురును పరీక్షించి 2012లో పేపర్ వేసిన్రు. ఆల్కహాల్‌లో తీసిన సారం బ్యాక్టీరియాను ఆపింది. కానీ అది ల్యాబ్ ప్లేటులో! రీల్స్‌లో "యాంటీబయాటిక్ బదులు ఇది రాయండి" అంటుంటే నాకు భయమైతది. గూటి జిగురులో మట్టి ఉంటది, డోసు తెల్వదు, కొందరికి అలర్జీ కూడా వస్తది. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరమొచ్చినా సీదా దవాఖానకు పోవాలె.

ఇల్లు కూలగొట్టేటప్పుడు గూడు కనబడితే మాత్రం పగలగొట్టకుండ్రి, పెంచేటోళ్లను పిలవండి. కేరళలో వీటిని కుండలల్ల, వెదురు బొంగులల్ల, చెక్క పెట్టెలల్ల పెట్టి పెంచుతరు.