వసంతంలో ఇల్లు, మనసులో ద్వీపం

ఉగాది పచ్చడి రుచి నాలుకను వీడకముందే ఇంట్లో పనుల వరుస మొదలవుతుంది. ఒకవైపు పిల్లల పరీక్షలు. మరొకవైపు సంవత్సరాంతపు లెక్కల పేరిట ఆఫీసు నుంచి ఆలస్యంగా ఇల్లు చేరే గృహస్థు. కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తాలి. మిరపకాయలు ఎండబెట్టి కారం ఆడించాలి. అప్పడాలు, వడియాలు పెట్టాలి. వాటి వెనుకనే ఆవకాయ పని కాచుకొని ఉంటుంది. ఉద్యోగం చేసే ఇల్లాలైతే ఇవన్నీ ఆదివారాలలోనే ఇమిడిపోవాలి.

బయట ప్రకృతి మాత్రం కన్నులపండువుగా ఉంటుంది. మామిడి పూత పిందెగా మారుతుంది, వేపచెట్టు తెల్లని పూతతో నిండుతుంది, కోయిల కూస్తుంది. అయినా ఇల్లాలికి నిద్ర లేచేసరికి ఒళ్ళు బరువు, తిన్నది అరగనట్లు పొట్టలో మందగింపు, గొంతులో కఫం, మధ్యాహ్నం కాగానే కళ్ళు మూతలు పడడం. సరిగ్గా ఆ వేళ వంటగది గోడమీది క్యాలెండరులోని బొమ్మ కంటబడుతుంది. నీలి సముద్రం, తెల్లని ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు. "ఒక్క వారం రోజులు ఇక్కడికి పోయి ఊరికే కూర్చుంటే ఎంత బాగుంటుంది!" అని మనసు అనుకుంటుంది. అంతలో కుక్కర్ కూత వేస్తుంది.

ఈ కోరికను చూసి నవ్వుకోవలసిన పనిలేదు. అందులో శరీరం చెబుతున్న మాట ఒకటి ఉన్నది. ఆ మాటను మన పూర్వాచార్యులు ఏనాడో విన్నారు.

ఈ బరువుకు కారణమేమి?

హేమంత, శిశిర ఋతువులలో చలి వలనను, అప్పుడు తిన్న నేతి పదార్థాలు, తీపి పదార్థాల వలనను శరీరంలో కఫం పేరుకొంటుంది. చలి ఉన్నంతకాలం అది గడ్డకట్టిన నేతివలె కదలక ఉంటుంది. వసంతంలో సూర్యకిరణాల వేడికి అది కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుంది. అందువలననే ఈ రోజులలో జలుబు, దగ్గు, అరుచి, అజీర్ణం, బద్ధకం అధికమవుతాయని ఆయుర్వేదం చెబుతుంది. పనుల భారం దీనికి తోడైనప్పుడు, శరీరం ఒకటి లాగితే మనసు మరొకటి లాగుతుంది.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలోని సూత్రస్థానం మూడవ అధ్యాయాన్ని పూర్తిగా ఋతుచర్యకే కేటాయించాడు. వసంతంలో తేలికైన, పొడి గుణం గల ఆహారం, వ్యాయామం, నలుగు పెట్టుకొనడం మేలని, బరువైనవి, చల్లనివి, జిడ్డుగలవి, పులుపు, తీపి తగ్గించాలని, పగటినిద్ర మానాలని ఆయన విధించాడు.

ఇంతవరకు చాలామందికి తెలిసిన విషయమే. అయితే అదే చోట వాగ్భటుడు చెప్పిన మరొక మాటను మనం తరచు మరచిపోతాము. వసంత మధ్యాహ్నాన్ని ఎట్లా గడపాలో ఆయన వివరంగా చెప్పాడు. దక్షిణపు గాలితో చల్లబడి, చుట్టూ నీరు పారుతూ, ఎండ సోకీ సోకనట్లుండే పూలతోటలో, కోయిల పాటల నడుమ, ఇష్టులతో కబుర్లు చెప్పుకొంటూ హాయిగా గడపమన్నాడు.

చుట్టూ నీరు, చెట్ల నీడ, చల్లని గాలి, తీరిక. క్యాలెండరు బొమ్మలో మన ఇల్లాలు చూస్తున్నది కూడ ఇదే కదా! అనగా విశ్రాంతి ఈ ఋతువులో విలాసం కాదు. చికిత్సలో ఒక భాగం. పైగా ఆ విశ్రాంతి నిద్ర రూపంలో కాక, తీరిక రూపంలో, నలుగురి నడుమ ఉండాలని శాస్త్రం చెప్పింది. పగటినిద్ర కఫాన్ని పెంచి బద్ధకాన్ని రెట్టింపు చేస్తుంది. పగటినిద్రకు అనుమతి దీని తరువాత వచ్చే గ్రీష్మంలోనే.

ఇంటిలో పాటించదగిన వసంతచర్య

ఉదయం: ఎండ ఎక్కకముందే అరగంట వేగంగా నడవాలి. ఒంట్లో సగం శక్తి మిగిలి ఉండగానే వ్యాయామం ఆపాలి. వారానికి రెండుసార్లు పెసరపిండిలో చిటికెడు పసుపు కలిపి, పొడిగానే ఒంటికి రుద్దుకొని, గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయాలి. చర్మం బాగా పొడిబారే వారు పిండిలో కొద్దిగా నువ్వులనూనె కలుపుకోవచ్చు.

ఆహారం: పాత బియ్యం, పాత గోధుమలు, బార్లీ, కొర్రలు మంచివి. పెసరపప్పు, పొట్లకాయ, కాకరకాయ, మునగాకు, మెంతికూర తరచు వాడాలి. చిక్కని పెరుగుకు బదులు శొంఠిపొడి, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ పుచ్చుకోవాలి. ఫ్రిజ్జులోని నీరు, ఐస్‌క్రీములు ఈ రెండు నెలలూ దూరంగా ఉంచితే పిల్లల గొంతులు బాగుంటాయి. పరీక్షలకు పోయే పిల్లలను ఖాళీ కడుపుతో పంపరాదు. ఇడ్లీ గాని, పెసరపప్పు పులగం గాని పెట్టాలి. రాత్రి మేల్కొని చదివి పగలు నిద్రపోయే అలవాటును మాన్పించి, వేకువనే లేపడం మేలు.

శొంఠి నీళ్ళు: లీటరు నీటిలో అరచెంచా శొంఠిపొడి వేసి, ముప్పావు వంతు మిగిలేవరకు మరిగించి వడకట్టాలి. పగలంతా గోరువెచ్చగా కొద్దికొద్దిగా తాగాలి. కడుపులో మంట, పుండ్లు ఉన్నవారు దీనికి బదులు తుంగముస్తల నీళ్ళు తాగవచ్చు. 10 గ్రాముల తుంగముస్తలను దంచి, లీటరున్నర నీటిలో వేసి, లీటరు మిగిలేవరకు మరిగించాలి.

తేనెనీళ్ళు: గ్లాసు చల్లారిన నీటిలో చెంచాడు తేనె. తేనెను వేడి చేయరాదు, మరిగే నీటిలో కలపరాదు. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె ఇవ్వరాదు. మధుమేహం ఉన్నవారు దీనిని మానాలి.

వేపపువ్వు చారు: పలుచగా కలిపిన చింతపండు రసంలో ఉప్పు, పసుపు వేసి మరిగించాలి. ఆవాలు, ఎండుమిరప, ఇంగువ పోపు పెట్టి, చివర చెంచాడు ఎండిన వేపపువ్వును నేతిలో ఎర్రగా వేయించి వేయాలి. వారానికి రెండుసార్లు అన్నంలో మొదటి ముద్దగా తింటే నోటి అరుచి తగ్గుతుంది. గర్భిణులు వేపను మందుగా వాడరాదు.

వసంతంలో వమనం, నస్యం వంటి శోధనకర్మలు కూడ శాస్త్రంలో ఉన్నాయి. అవి వైద్యుని పర్యవేక్షణలో జరుగవలసినవే గాని ఇంటిలో చేసుకొనేవి కావు.

మందుకంటె ముందు కావలసినది

పై నియమాలు చదివి, "ఇవన్నీ మళ్ళీ నేనే కదా చేయాలి!" అని ఏ సోదరి అయినా నిట్టూర్చితే అందులో తప్పులేదు. శొంఠి నీళ్ళు కాచేది ఆమె, పిల్లలను వేకువనే లేపేది ఆమె, నలుగుపిండి కలిపేది ఆమె. ఆరోగ్యసూత్రాల పేరిట ఆమె పని మరికొంత పెరిగితే ఇంటివారి కఫం తగ్గవచ్చునేమో గాని, ఆమె అలసట తగ్గదు. ద్వీపపు కలలో ఆమె కోరుకొంటున్నది సముద్రాన్ని మాత్రమే కాదు. ఎవరూ ఏమీ అడగని ఒక్క పూటను.

ఆ పూటను ఇవ్వగలిగినది కుటుంబమే. వారంలో ఒక మధ్యాహ్నం వంట, వడ్డన, గిన్నెల పని మిగిలినవారు చేయాలి. శొంఠి నీళ్ళు కాచే పని భర్త తీసుకోవాలి. పరీక్ష ముగిసిన పిల్లలు వడియాలు ఎండబెట్టి కాకులను అదలించగలరు, చింతపండు గింజ తీయగలరు. అత్తగారికో, అమ్మకో కాళ్ళు నొప్పులైనా కూర్చుని కూరలు తరగగలరు. ఆ మధ్యాహ్నం ఇల్లాలు వేపచెట్టు నీడనో, మేడమీది గాలికో కూర్చుని, ఇరుగమ్మతోనో, ఫోనులో అక్కాచెల్లెళ్ళతోనో మాట్లాడుకొంటే వాగ్భటుడు చెప్పిన వసంత మధ్యాహ్నం ఆమెకు దక్కినట్లే.

అలసట తగ్గకుంటే

ఒక హెచ్చరిక అవసరం. ప్రతి అలసటనూ వసంతం ఖాతాలో వేయరాదు. పై నియమాలు పాటించిన రెండు మూడు వారాలకు కూడ అలసట తగ్గకపోయినా, మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, జుట్టు రాలడం, కనురెప్పల లోపల పాలిపోవడం, ఋతుస్రావం అధికం కావడం, కారణం లేకుండా బరువు మారడం వంటివి కనిపించినా వైద్యుని చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. గర్భం లేని స్త్రీకి హీమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్క. థైరాయిడ్ లోపం, మధుమేహం కూడ మొదట బద్ధకం రూపంలోనే కనిపించవచ్చు. చిన్న రక్తపరీక్షతో తెలిసిపోయే జబ్బును "ఎండలు వస్తున్నాయిలే" అని ఏళ్ళ తరబడి మోయడం తగదు.

కల నిజమై ద్వీపానికి వెళితే

కొన్ని కుటుంబాలకు ఈ కల నిజం కావచ్చు. మనకు అందుబాటులో ఉన్న ద్వీపాలలో అండమాన్ ముఖ్యమైనది. అక్కడ స్థిరపడినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు కనుక భాష కొత్త కాదు. పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. హావ్‌లాక్ ద్వీపం 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. చెన్నై నుంచి విమానంలో రెండు గంటలకు కాస్త పైన, నౌకలో సుమారు మూడు రోజుల ప్రయాణం. నైఋతి ఋతుపవనాలు మే రెండవ పక్షంలోనే అక్కడికి చేరుతాయి కనుక అంతకుముందే తిరిగి రావడం మంచిది.

ఆరోగ్యరీత్యా ఒక సూక్ష్మాన్ని గమనించాలి. కొబ్బరి, అరటి తోటలు, సముద్రతీరం, చల్లని గాలి గల భూమిని చరకసంహిత ఆనూపదేశం అన్నది. ఇట్టి చోట కఫవాతాలు ప్రబలంగా ఉంటాయి. అసలే కఫం కరిగే ఋతువు, ఆపైన ఆనూపదేశం! అక్కడికి చేరి మూడు పూటలా బరువైన విందులు తిని, మధ్యాహ్నమంతా గదిలో పడుకొంటే ఏ బరువును దింపుకొనడానికి వెళ్ళామో దానినే మోసుకొని రావలసి వస్తుంది. కనుక అక్కడ ఆహారం తేలికగా ఉండాలి, అల్లం, మిరియాలు చేర్చుకోవాలి, నడక మానరాదు. మన గడియారమే అక్కడా నడిచినా ఆ దీవులు ఎంతో తూర్పున ఉన్నాయి. అందువలన ఏప్రిల్‌లో ఉదయం సుమారు ఐదు గంటలకే సూర్యోదయమై, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో అస్తమయమవుతుంది. వేకువనే తీరం వెంట నడిచి, పెందలాడే భోంచేసి పడుకొనడానికి ఇంతకంటె అనుకూలమైన చోటు లేదు.

మరికొన్ని జాగ్రత్తలు:

* ఏప్రిల్ మూడవ వారంలో అక్కడ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పది నుంచి నాలుగు వరకు నీడలో ఉండాలి. పొడుగు చేతుల నూలు దుస్తులు, వెడల్పు అంచు టోపీ తప్పనిసరి.

* పడవ ప్రయాణంలో వాంతులయ్యేవారు కడుపు నిండా తినరాదు. పేలాలు, అటుకులు వంటివి కొద్దిగా తిని, చిన్న అల్లం ముక్కను ఉప్పుతో నమలాలి. గాలి తగిలేచోట కూర్చుని దూరపు దిగంతాన్ని చూడాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు అల్లాన్ని ఎక్కువగా తినేముందు వైద్యుని అడగాలి.

* గాలిలో తేమ వలన చెమట ఆరదు. నీళ్ళు, పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్ళు తరచు తాగాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్ళు తగవు.

* పగడపు దిబ్బలవల్ల గీరుకుంటే మంచినీటితో, సబ్బుతో వెంటనే కడగాలి. మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీటిలో దిగరాదు.

* రోజూ వాడే బి.పి., షుగరు మందులను చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

దగ్గరలోనే ఉన్న లంక

అండమాన్‌కు పోయే స్థోమత, సెలవు అందరికీ ఉండవు. అందుకు చింతించనక్కరలేదు. ద్వీపానికి మన భాషలో లంక అన్న మాట ఉన్నది. కోనసీమలో గోదావరి పాయల నడుమ ఎన్నో లంకలున్నాయి. విజయవాడలో ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణానది మధ్య భవానీ ద్వీపం ఉన్నది. పొద్దున పడవెక్కి వెళ్ళి, చెట్లనీడన కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకొన్న పులిహోర కొద్దిగా, మజ్జిగ ధారాళంగా పుచ్చుకొని సాయంత్రానికి తిరిగి వచ్చే ప్రయాణానికి పెద్ద ఖర్చు లేదు. అయితే ఆ పులిహోర కలిపేది ఎవరన్నది మాత్రం ముందే నిర్ణయించుకోవాలి. అది ఈసారికి ఇల్లాలు కాకుండా చూడండి.