కేథడ్రల్ కాలిపోయింది.. మరి ముత్తాతల సమాధి ఎక్కడ వెతకాలి?

వంశవృక్షం కోసం లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌కు వెళ్లేవాళ్లకు మొదట్లోనే పెద్ద చిక్కు. ఇప్పుడు కనిపించేది పాత కట్టడం కాదు. 1666 నాటి భారీ అగ్నిప్రమాదంలో పాత కేథడ్రల్ నాశనమైంది. దాంతోపాటే సమాధులపై రాతలూ పోయాయి. కవి జాన్ డన్ విగ్రహం మాత్రం బయటపడింది. దాని అడుగున మంటల మచ్చలు ఇప్పటికీ చూడొచ్చు.

అయితే అంతా పోలేదు. మంటలకు 8 ఏళ్ల ముందే, 1658లో, విలియం డగ్డేల్ అనే చరిత్రకారుడు ఆ సమాధుల వివరాలను, వాటిపై రాతలను బొమ్మలతో సహా పుస్తకంగా వేశాడు. ఇప్పుడు అదే పెద్ద ఆధారం. కాకపోతే అందులో కనిపించేది ఎక్కువగా బిషప్‌లు, ప్రభువులు, డబ్బున్నవాళ్లే. స్మారకం కట్టించుకునే స్తోమత లేనివాళ్ల కోసం చర్చిల భూస్థాపన రిజిస్టర్లు తిరగేయాల్సిందే. ఇంగ్లండ్‌లో వీటిని రాయాలని 1538లో ఆదేశాలొచ్చాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో 1640 ఫిబ్రవరి అని ఉందంటే, ఇప్పటి లెక్కలో అది 1641. ఇది చూసుకోకపోతే అదే పేరున్న వేరే ఇంటి మనిషిని సొంత ముత్తాతగా రాసేసుకునే ప్రమాదం ఉంది.