చుక్క తరవాత ఇంటిపేరు

మనవాళ్లకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇంటర్నెట్‌లో వ్యవహారం తలకిందులు. అక్కడ పేరు ముందు చెప్పి, చుక్క పెట్టి, ఆ తరవాత ఇంటిపేరు చెబుతారు. ఈ ఇంటిపేర్ల ఖరీదు తెలియక నేను మా మేనల్లుడికి చేసిన నిర్వాకం చెప్పుకుంటే పదిమందికీ పనికొస్తుంది.

మావాడు పెడనలో కలంకారీ బట్టలు అమ్ముతాడు. "మామయ్యా, కొట్టుకో వెబ్‌సైటు పేరు చూడు" అన్నాడు మూడేళ్ల కిందట. వాడు కోరిన పేరు 'కామ్'తో ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. అదే పేరు కొత్తరకం తోక ఒకదానితో 99 రూపాయలకే దొరికింది. కొన్నాను. సంచుల మీదా బిల్లుల మీదా ఆ పేరే అచ్చువేయించాం.

అసలీ తోకల కథేమిటి? 'కామ్' వర్తకులకు, 'ఆర్గ్' సంస్థలకు, 'ఎడ్యు' విద్యాలయాలకు, 'గవ్' అమెరికా ప్రభుత్వానికి, 'మిల్' అక్కడి సైన్యానికి అని మొదట్లో పంచారు. 'కామ్'లో తొలి పేరు 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే అమెరికా కంప్యూటర్ల కంపెనీ తీసుకుంది. 1995 దాకా పేర్లు ఉచితం. ఆ సెప్టెంబరులో రెండేళ్లకు 100 డాలర్ల రుసుం పెట్టారు.

రెండక్షరాల తోకలు దేశాలవి. మనది 'ఇన్'. తెలుగు లిపిలో 'భారత్' కూడా ఉంది. పసిఫిక్ సముద్రంలోని టువాలుకు 'టీవీ' వచ్చింది. పేరుకు బుల్లి దీవులే గాని, టెలివిజన్ వాళ్లంతా దానికోసం ఎగబడ్డారు. ఆ తోక అద్దెకిచ్చిన డబ్బులో కొంత పెట్టి టువాలు 2000లో ఐక్యరాజ్యసమితిలో చేరింది! కరిబియన్ దీవి అంగ్విల్లాకు 'ఏఐ' దక్కింది. కృత్రిమ మేధ జోరందుకున్న 2023లో ఆ దీవి ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతుకు పైగా ఈ రెండక్షరాలే తెచ్చిపెట్టాయి. అదృష్టమంటే అదీ!

ఇక ధరల సంగతి. పేరు కొన్నామంటాం గాని, నిజానికిది అద్దె. ఒక్కసారికి పదేళ్లకు మించి ఇవ్వరు. 'కామ్' టోకు ధరకు ఒప్పందం ప్రకారం హద్దు ఉంది. 2024 సెప్టెంబరులో అది ఏడాదికి 10 డాలర్ల 26 సెంట్లకు చేరింది. కొత్త తోకలకు సాధారణంగా అలాంటి హద్దు లేదు. మొదటి ఏడు ఎర, రెండో ఏడు గాలం.

మాకూ గాలం తగిలింది. రెండో ఏటికి 2,800 రూపాయలు కట్టమని ఉత్తరం వచ్చింది. వచ్చింది నాకు, పేరు తీసుకున్నది నేను గదా! "ఇదేం దోపిడీ?" అని పక్కన పడేశాను. పేరెక్కడికి పారిపోతుందిలే అనుకున్నాను. గడువు దాటాక కొన్నాళ్లు మామూలు రుసుంతో ఊరుకుంటారు. ఆ తరవాత 30 రోజులు అపరాధ రుసుంతో విడిపించుకోవచ్చు. మరో అయిదు రోజులకు పేరు అంగట్లో పడుతుంది. నేను మేలుకునే సరికి మూడు నెలలయింది. ఆ పేరు నొక్కితే పేకాట ప్రకటన కనిపించింది!

పాత ఖాతాదారు ఒకావిడ ఫోను చేసి, "చీరలు మానేసి జూదం పెట్టావా బాబూ?" అని అడిగిందట. మావాడు నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఈసారి 'ఇన్'తో వాడి పేరు మీదే, వాడి చిరునామాతోనే అయిదేళ్లకు తీసుకున్నాడు. కొనే ముందు రెండో ఏటి ధర అడిగాడు. మిగిలిన సంచుల మీద కొత్త పేరు చీటీలు అంటించే పని నాకు పడింది. జిగురు కలిపి ఇస్తూ మా అక్కయ్య అంది:

"99కి వచ్చిందిరా అన్నప్పుడే, ఎన్నాళ్లకి అని అడగాల్సింది, తమ్ముడూ!"