పదకొండు లోంచి ఏడు తీసేస్తే నాలుగేనా?

రాత్రి పదకొండింటికి బాయిలో దిగిన నాన్న పొద్దున ఏడింటికి పైకొస్తే, ఎన్ని గంటలు పని చేసినట్టు? నాలుగో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. చాలామంది టక్కున "నాలుగు" అనేస్తారు. పదకొండు లోంచి ఏడు పోతే నాలుగే కదా మరి! తీసివేత సరిగ్గానే చేశారు. పన్నెండు దాటాక గడియారం మళ్లీ ఒకటితో మొదలవుతుందన్న సంగతే లెక్కలోకి రాలేదు.

గోదావరిఖని, రామగుండం ఇళ్లలో వంట దగ్గర్నుంచి నిద్ర దాకా అంతా షిఫ్టును బట్టే. అలాంటి ఇంట్లో పిల్లలకు కాలం లెక్క పుస్తకంలో వెతకాలా? పదకొండు నుంచి పన్నెండుకి ఒకటి, అక్కణ్ణుంచి ఏడుకి ఏడు, మొత్తం ఎనిమిది అని వేళ్ల మీద చూపించండి. మూడు షిఫ్టులు కలిస్తే మూడెనిమిదులు ఇరవై నాలుగు. ఎక్కం దానంతటదే వస్తుంది.

"నేను ఏడు దాకనే చదివినక్కా, వాని లెక్కలు నాకేం తెలుస్తయి?" అంటుంది మా వీధిలో ఒకామె. రెండో తరగతి పిల్లాడికి ట్యూషన్ పెట్టింది. ఆమేమో ఇరవై మంది చిట్టీ లెక్క కాగితం లేకుండా చెబుతుంది! ట్యూషన్ వద్దని నేననను గానీ, రెండో తరగతికి కూడానా?

మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు సొంతంగా చేయాలి అని కేంద్రం 2021లో 'నిపుణ్ భారత్' మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 2022లో 'తొలిమెట్టు' వచ్చింది. బడిలో పుల్లలు, పూసలు పెట్టి నేర్పేది అందుకే. ఇంట్లో గింజలు, గిన్నెలు ఉండనే ఉన్నాయి.

ఇక పరిసరాల విజ్ఞానం. బొగ్గు రాయా, చెట్టా? కట్టె కాలితే వచ్చే బొగ్గే బాయిలోనూ ఉంటుందనుకుంటారు పిల్లలు. మన పెద్దలు రాక్షసిబొగ్గు అన్నది వేరు. 25 కోట్ల ఏళ్లకు పైబడి, డైనోసార్ల కన్నా ముందు, చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు మట్టి కింద పడి, గాలి తగలక, బరువుకూ వేడికీ నలిగి అలా మారాయి. డైనోసార్ అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి, చూడండి.

అయిదో తరగతి వాళ్లకైతే కరెంటు బిల్లు ఇవ్వండి. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. ఆ ఒక్క యూనిట్ తయారీకి మన దేశంలో సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. నెలకు 100 యూనిట్లయితే? 70 కిలోలు! అందులో సుమారు మూడో వంతు బూడిదే మిగులుతుంది. భిన్నాలకు ఇంతకన్నా మంచి లెక్క ఏముంది? రామగుండం పాత ఎన్‌టీపీసీ కేంద్రం ఒక్కటే 2600 మెగావాట్లది. మెగావాట్ అంటే పది లక్షల వాట్లు. వాట్లలో రాయమనండి, సున్నాలు లెక్కపెట్టడంలోనే స్థానవిలువలన్నీ వచ్చేస్తాయి.

70 కిలోలు విని ఓ పాప అడిగింది: "మనింటి బొగ్గంతా నాన్ననే తవ్విండా?"

బిల్లులో యూనిట్ల వరుస వరకే చూపించండి సుమా. కింద స్లాబుల లెక్క మనకే తికమక.